సానెన్ చర్చిలో రెండు కచేరీలు

సానెన్ మేక యనినచో పాడి పశువులను పెంచువారు వెంటనే గుర్తింతురు. తెల్లని ఒడలు, సమృద్ధియైన పాడి గల ఆ జాతికి పేరిచ్చిన ఊరు స్విట్జర్లాండు దేశమున, బెర్న్ రాష్ట్రపు కొండలలో, సముద్రమట్టమునకు వేయి మీటర్ల ఎత్తున కలదు. మేమిచట ముచ్చటింపబోవునది ఆ మేకలను గూర్చి కాదు. ఆ ఊరి చర్చిలో 1957వ సంవత్సరము ఆగస్టు 4, 6 తేదీలలో జరిగిన రెండు కచేరీలను గూర్చియు, వానినుండి పుట్టి నేటికిని ప్రతి వేసవి సాగుచున్న సంగీతోత్సవమును గూర్చియు రెండు మాటలు చెప్పదలచితిమి.

సానెన్‌కు చేరువనే, ఆ గ్రామపరిపాలన క్రిందనే, గ్స్టాడ్ అను పల్లె యున్నది. పశువులు, పచ్చికబయళ్లు, జున్ను, కొయ్యయిండ్లు: చిరకాలము ఆ లోయవారి బ్రతుకు ఇంతే. 1904-05లో కొండరైలు వచ్చినది. 1913లో గ్స్టాడ్ గుట్టమీద కోటవంటి పెద్ద హోటలు వెలసినది. అంతట ఐరోపా ధనికులు మంచుపై జారు ఆటలకై చలికాలమున అచటికి రాసాగిరి. కాని మంచు కరిగిన పిదప విడిదిండ్లు బోసిపోవుచుండెను. వేసవియందు అతిథులను రప్పించుట యెట్లు అను చింత అచటి యాత్రికుల కార్యాలయపు అధికారిని పీడించుచుండెను. ఉత్సవమునకు మూలము ఈ వ్యాపారచింతయే యని చెప్పుటకు మేము సంకోచింపము. మహత్కార్యములన్నియు మహదాశయములతోనే ఆరంభము కావలెనను నియమమేమియు లేదు గదా!

వేసవి సంగీతోత్సవములు ఆ ప్రాంతములకు క్రొత్త కావు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవము 1920లో మొదలైనది. 1938లో హిట్లరు ఆస్ట్రియాను కబళింపగా, తోస్కనీని అచట సంగీతము నడుపనొల్లక స్విట్జర్లాండులోని లూసెర్న్ నగరమున సరోవరతీరమున వాద్యబృందమును నడిపెను. కాని అవి నగరములు. ఆవుల మెడగంటలు తప్ప వేఱు నాదము లేని పల్లెలో ఇట్టి ఉత్సవము నిలుచునని ఎవరూహింతురు?

నిలుచుటకు కారణము యెహూదీ మెనూహిన్. 1916లో న్యూయార్కులో జన్మించిన ఈ ఫిడేలు విద్వాంసుడు పండ్రెండేండ్ల ప్రాయమున, 1929లో, బెర్లిన్ నగరమున బాక్, బేతోవెన్, బ్రామ్స్ కృతులను ఒక్క కచేరీలో వాయించి లోకమును విస్మయపఱచెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకై వందలకొలది కచేరీలు చేసెను. 1945 జూలైలో, బెల్సెన్ నిర్బంధశిబిరమునుండి విముక్తులై, ఎముకలగూళ్లవలె మిగిలిన వారియెదుట వాయించెను. ఆనాడు ఆయనతో పియానో వాయించినది ఆంగ్ల వాగ్గేయకారుడు బెంజమిన్ బ్రిటెన్. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

బాల్యమున సహజప్రతిభతో వాయించినవానికి నడివయస్సున చిక్కు వచ్చినది. ఏ వ్రేలు ఎట్లు కదలుచున్నదో, కమాను చేతిలో ఎట్లు నిలుచుచున్నదో ఆయన ఎన్నడును విచారించి యెఱుగడు. అలసట చేత చేయి, వీపు బిగుసుకొని కమాను చెప్పినమాట వినదయ్యెను. ఆ దశయందే, 1952లో, నెహ్రూగారి ఆహ్వానముపై ఆయన భారతదేశమునకు వచ్చి, కఱవు సహాయనిధికై పలు నగరములలో కచేరీలు చేసెను. బొంబాయిలో యోగాచార్యులు బి.కె.ఎస్. అయ్యంగారు ఆయనను చూడబోయిరి. ఐదు నిమిషములకు మించి తీరిక లేదన్న విద్వాంసుడు, అయ్యంగారు చెప్పినట్లు మేను వాల్చి గాఢనిద్ర పోయెనట. ఢిల్లీలో రవిశంకర్ సితారు వినెను. ఆ రోజులలో రవిశంకర్ ఆకాశవాణియందే వాద్యబృందమును నడుపుచుండిరి. మదరాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు వినెను. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధతో పరిశీలించి, దానిని మన రాగమునకు లొంగదీసిన ఘనులు ద్వారం వారు. నిలువబడి, ఫిడేలును గడ్డము క్రింద నొక్కిపట్టి వాయించువాడు, నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముపై ఆనించి గమకము పలికించువారిని వినుచున్న ఆ దృశ్యమును ఊహించుకొనుటయే మాకు ముచ్చటగా నున్నది.

1954లో మెనూహిన్ అయ్యంగారిని గ్స్టాడ్‌కు పిలిపించుకొనెను. అయ్యంగారికి అదియే మొదటి విదేశయాత్ర. ఆ వేసవి ముగియునప్పటికి ఆయన వారికొక గడియారమును కానుక యిచ్చి, తన ఉత్తమ ఫిడేలు గురువని దానిపై చెక్కించెను. ఆసనములు నేర్పినవారిని ఫిడేలు గురువనుట చమత్కారము కాదు. చేయి తిరిగి చేయియైన మాట వాస్తవము. ఆ పల్లె మెనూహిన్‌కు మొదట కచేరీస్థలము గాక, దేహమును సవరించుకొనిన చోటు. కాలక్రమమున ఆయన అచట ఇల్లు కట్టుకొనెను.

ఇట్లుండగా యాత్రికుల అధికారి వచ్చి, వేసవికి ఒకటి రెండు కచేరీలు చేయవలెనని అర్థించెను. మెనూహిన్ సమ్మతించెను. కచేరీసభ యేది యని చూడగా లేదు. సానెన్‌లో పదునైదవ శతాబ్దపు చర్చి యున్నది. రాతిగోడలు, వానిపై పాత కుడ్యచిత్రములు, పైన కొయ్యకప్పు. ఏడు వందల పైచిలుకు జనము పట్టుదురు. నాదమును రాయి నిలుపును, కొయ్య మెత్తపఱచును. నలుగురైదుగురు కూడి వాయించు సంగీతమునకు ఇంతకన్న తగిన గది కట్టించినను దొరకదు. ఆ చర్చికి మెనూహిన్ పిలిచినది ఎవరిని? బెల్సెన్‌లో తనతో వాయించిన బ్రిటెన్‌ను, ఆయన సహచరుడైన గాయకుడు పీటర్ పియర్స్‌ను, చెల్లో విద్వాంసుడు మారీస్ జాండ్రాన్‌ను. పండ్రెండేండ్ల క్రితము పాడుపడిన శిబిరమున, సంగీతము వినగల ఓపికయైనను లేనివారియెదుట కూర్చున్న యిరువురు, ఇప్పుడు చెక్కబల్లలపై కూర్చున్న పల్లెవారికిని విడిదిజనమునకును వాయించిరి. చరిత్రకారులు ఈ సంగతిని ప్రక్కప్రక్కన పెట్టి చూడరు. మాకు మాత్రము ఈ ఉత్సవపు అసలు ఆరంభము ఇదియే యని తోచును.

మరుసటి ఏటినుండి ఉత్సవము ఆగలేదు. మెనూహిన్ సోదరి హెఫ్జిబా పియానోతో, జ్యూరిక్ నగరపు చిన్న వాద్యబృందము ఎడ్మండ్ ద స్టూట్జ్ నాయకత్వమున, మిత్రులు తమ తమ వాద్యములతో వచ్చిరి. అచట మెనూహిన్ ఏలినవాడుగా గాక, ఇల్లుగలవాడుగా మెలగెను. తూర్పు సంగీతముపై ఆయనకు కలిగిన మక్కువ సైతము చల్లారలేదు. 1966లో ఇంగ్లండులోని బాత్ ఉత్సవమున రవిశంకర్‌తో కూడి వాయించెను. 1977లో గ్స్టాడ్‌నందే యువ విద్వాంసులకు తీగవాద్యముల విద్యాలయమును నెలకొల్పెను.

ప్రసంగవశమున ఒక్కమాట. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1961 మొదలు 1985 వఱకు ప్రతి వేసవి ప్రసంగించినది ఈ సానెన్‌లోనే. అవియు చాలవఱకు గుడారము క్రిందనే సాగినవి. ఇంత చిన్న లోయలో ఒకచో మౌనమును గూర్చి వినుటకు, మఱియొకచో నాదమును వినుటకు దేశదేశములనుండి జనము చేరుట విశేషమే.

గుడారమనగా ఉత్సవపు గుడారమే జ్ఞప్తికి వచ్చుచున్నది. పేరు పెరిగినకొలది చర్చి చాలదయ్యెను. ఎనుబది, నూఱుమంది వాయించు బృందములకు అచట కాలు మోపుటకు చోటు లేదు. కనుక గ్స్టాడ్‌లో పదునెనిమిది వందలమంది పట్టు పెద్ద డేరా వేయసాగిరి. లండన్ సింఫనీ బృందమువంటివి అందులో వాయించినవి. దానివలన రాబడి కలుగును. పెద్ద కృతులు వినబడును. కాని వాన కురిసినపుడు గుడ్డమీద చినుకు చప్పుడు తంత్రీనాదముతో పోటీపడును. రాతిగోడ యిచ్చు ఆదరము గుడ్డ యీయలేదు. డేరాను తీసివేయుడని మేమనము. ధనికుల విడిదియై, మిక్కిలి ఖరీదైన ఊళ్లలో ఒకటిగా పేరుపడిన గ్స్టాడ్‌లో అట్టి ఆర్భాటము లేక ఉత్సవము గడచుట దుస్తరమేమో. అయినను ఎవరైన మమ్ము ఒక్క రాత్రికి అచటికి పంపుదుమన్నచో, మేము చర్చికే చీటి అడుగుదుము.

1996లో, నలువదవ ఉత్సవముతో, మెనూహిన్ బాధ్యతను విడిచెను. 1999 మార్చి 12న బెర్లిన్‌లో, తాను బాలుడుగా పేరు గన్న నగరమునందే, కన్నుమూసెను. ఉత్సవము ఆయన పేరనే సాగుచున్నది. 2020లో మహమ్మారి వలన ఒక వేసవి ఆగి, మరుసటి ఏట తిరిగి మొదలైనది. నేడది జూలై నడుమనుండి సెప్టెంబరు తొలిదినముల వఱకు సుమారు ఏడు వారములు జరుగును. రూజ్‌మాన్, లావెనెన్, జ్వైసిమ్మెన్ మొదలగు చుట్టుపట్టు ఊళ్ల చర్చిలలోను కచేరీలుండును. నలుగురైదుగురు విద్వాంసులు కూడి వాయించు సంగీతమునకు మాత్రము సానెన్ చర్చియే ఇప్పటికిని మొదటి పీట.