దేహమను త్రాసు

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున పల్నాటి రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటినపుడు రాళ్లు మోయుచున్న కూలివాని ఒంటి వేడిమిని కొలిచి చూచినను, పుష్యమాసపు తెల్లవారుజామున మన్యములోని లంబసింగియందు వేళ్లు కొంకర్లుపోవు చలిలో నెగడు ముందు కూర్చున్న వృద్ధుని ఒంటి వేడిమిని కొలిచి చూచినను, రెండుచోట్లను ఇంచుమించుగ 37 డిగ్రీలే కానవచ్చును. వెలుపలి ప్రపంచ మింతగా మారుచుండగా లోపలి ప్రపంచము మారకుండుటకు హేతువేమి? ఈ స్థైర్యమునకే శాస్త్రజ్ఞులు సమస్థితి యని పేరిడిరి. దాని రహస్యమును మానవుడు ఆరోగ్యవంతమైన దేహమును చూచి నేర్చినది స్వల్పము. త్రాసు ఒరిగిపోయిన రోగుల పడకలచెంత నిలిచి నేర్చినదే అధికము.

ఆరోగ్యమన సమత్వమను భావన ప్రాచీనులకు లేకపోలేదు. వాతపిత్తకఫములు తమతమ పాళ్లలో నుండుట స్వాస్థ్యమనియు, వాని వైషమ్యమే రోగమనియు మన ఆయుర్వేదాచార్యులు చెప్పిరి. గ్రీసుదేశమున హిపోక్రటీసు సంప్రదాయమువారు రక్తము, శ్లేష్మము, పసుపు పిత్తము, నల్ల పిత్తము అను నాలుగు ద్రవముల పొందికను గూర్చి అట్టి మాటయే పలికిరి. ఊహ గొప్పది, కాని ఆ సమత్వమును తూచి చూపుటకు వారికి తూనికరాళ్లు లేకుండెను.

ఆ లోటును తీర్చుటకు పూనుకొన్నవాడు ఇటలీదేశస్థుడైన సాంటోరియో. పాడువా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఈ వైద్యుడు త్రాసుకాడకు వ్రేలాడదీసిన కుర్చీలో కూర్చుండి, సుమారు ముప్పది సంవత్సరములపాటు తాను తిన్నదానిని, త్రాగినదానిని, విసర్జించినదానిని, తన దేహభారమును ఓపికతో తూచుకొనెను. దినమునకు ఎనిమిది పౌనుల అన్నపానీయములు పుచ్చుకొన్నచో అందు అయిదు పౌనులవరకు కంటికి కానరాని స్వేదరూపమున పోవుచున్నదని 1614లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. కదలక కూర్చున్న దేహముకూడ లోలోపల ఎడతెగని రాకపోకలు నడుపుచున్నదని లోకమునకు లెక్కలతో తెలియుట అదియే మొదలు.

1774లో లండను నగరమున చార్లెసు బ్లాగ్డెను అను వైద్యుడు, మిత్రులతోగూడి, జార్జి ఫోర్డైసు సిద్ధపరచిన గదిలో ప్రవేశించెను. నీరు మరగు వేడిమిని మించిన ఆ పొడిగాలిలో మాంసఖండము వేగిపోయెను; అదే గాలి పీల్చుచు కొన్ని నిమిషములు నిలిచిన మనుష్యుల ఒంటి వేడిమి మాత్రము ఎప్పటివలెనే యుండెను. చెమట ఆవిరియగుచు ఒంటి వేడిని తనతో కొనిపోవుటయే ఇందలి మర్మము. చచ్చిన మాంసము వేడికి లొంగును; బ్రతికిన మాంసము దానితో పోరాడును.

ఈ చెదురుమదురు దృష్టాంతములను ఒక్క సిద్ధాంతముగ కూర్చిన మహనీయుడు ఫ్రాన్సుదేశపు క్లోడ్ బెర్నార్. 1813లో ద్రాక్షతోటల పల్లెయైన సాఁ జూలియాఁలో జన్మించి, యౌవనమున మందుల అంగడిలో పనిచేసి, పిమ్మట పారిసు చేరిన ఈయన, మాంసమే తిని చక్కెర యెరుగని జంతువు కాలేయమునుండి వెలువడు రక్తమునందును చక్కెర యుండుట చూచెను. తిండి చక్కెరనీయకున్నను దేహము తానే దానిని నిలువచేసి, రక్తమునకు వలసినపుడు వలసినంత అందించుచున్నదన్నమాట. ఆ నిలువసరకైన గ్లైకోజెనును 1857లో వేరుచేసెను. మన జీవకణములు నివసించునది వెలుపలి గాలిలో కాదనియు, వానిని నిరంతరము తడుపుచున్న ద్రవములనెడి అంతఃపరిసరమునందే యనియు, ఆ పరిసరము స్థిరముగ నుండుటచేతనే ప్రాణి ఎండకు వానకు దాసుడు కాక స్వేచ్ఛగ సంచరింపగలుగుచున్నదనియు ఆయన సిద్ధాంతము. 1878లో ఆయన కన్నుమూసినపుడు ఫ్రాన్సు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపించెను. అంతకుముందు ఆ దేశమున ఏ శాస్త్రజ్ఞునకును ఆ గౌరవము దక్కలేదు.

బెర్నార్ భావనకు పేరు పెట్టినవాడు అమెరికాయందలి హార్వర్డు వైద్యకళాశాల ఆచార్యుడు వాల్టర్ కానన్. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి నెత్తురోడి కుప్పగూలిన సైనికులను పరిశీలించిన ఈయన, 1926లో సమస్థితికి హోమియోస్టాసిస్ అను మాటను కల్పించెను. 1932లో ‘దేహవివేకము’ అను అర్థమునిచ్చు పేరుతో గ్రంథము రచించెను. ‘ఒక్కటే’ యను అర్థముగల గ్రీకు పదమును కాదని ‘సదృశము’ అను పదమును ఆయన బుద్ధిపూర్వకముగ ఎన్నుకొనెను. ఏలయన దేహస్థైర్యము శిలాస్థైర్యము కాదు, క్షణక్షణము ఒరుగుచు క్షణక్షణము సరిదిద్దుకొనుచుండు త్రాసుముల్లు వంటిది. రక్తములో చక్కెర తగ్గినచో అధివృక్కగ్రంథులు మేల్కొని కాలేయమును హెచ్చరించును. హెచ్చినచో క్లోమము ఇన్సులినును విడుచును.

అదే కాలమున అదే కళాశాలలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కెతో కలిసి కండరములందలి ఫాస్ఫోక్రియాటినును 1927లో వెల్లడించెను. కండరము శ్రమించునపుడు తరిగి, విశ్రమించునపుడు మరల పూరించుకొను ఈ పదార్థము శక్తికి సంబంధించిన నిలువధనము. కానన్ మాటలో చెప్పిన సత్యమునకు సుబ్బారావు కండరమునందే సాక్ష్యము చూపెననుట అతిశయోక్తి కాదు.

త్రాసు విరిగినపుడేమగునో మధుమేహము చూపినంత స్పష్టముగ మరియొకటి చూపలేదు. 1889లో స్ట్రాస్‌బర్గున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగులు క్లోమమును తీసివేసిన కుక్కకు తీవ్రమైన మధుమేహము కలిగెను. పరగడుపున 100 మిల్లీలీటర్ల నెత్తుటిలో 70 మొదలు 100 మిల్లీగ్రాములలోపుండవలసిన చక్కెర సుమారు 180 దాటెనా, మూత్రములోనికి పొంగును, పోవుచు నీటిని తనతో లాగుకొనిపోవును, దాహము హెచ్చును. ఇన్సులిను బొత్తుగ లేనిచో క్రొవ్వు కరగి ఆమ్లములు పేరుకొని, నెత్తుటి క్షారగుణము సన్నగిల్లి, తుదకు స్మృతి తప్పును. ఒక్క పళ్లెము క్రుంగెనా, దానితో ముడివడిన పళ్లెములన్నియు క్రుంగును. 1921లో టొరంటోయందు బాంటింగు, బెస్టులు మాక్లియాడు ప్రయోగశాలలో ఇన్సులినును రాబట్టుటకు మొదలిడిన కృషి కాలిపు శుద్ధిచేసిన క్లోమసారముతో ఫలించి, 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలుని మృత్యుముఖమునుండి వెనుకకు తెచ్చెను.

కలరా చెప్పిన పాఠము దీనికి తోడబుట్టినది. 1831లో ఓషానెసీ అను వైద్యుడు కలరారోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తరిగిపోవుట గుర్తించెను. మరుసటి యేట స్కాట్లండున థామస్ లాటా ఉప్పునీటిని సిరలలోనికి ఎక్కించి అవసానదశనున్నవారిని లేచి కూర్చుండజేసెను. అయినను ఆ పద్ధతి బహుకాలము మూలబడియుండెను. 1971లో తూర్పు బెంగాలునుండి శరణార్థులు లక్షలుగ తరలివచ్చినపుడు, వారిలో కలరా చెలరేగి బనగాఁవు ఆసుపత్రిలో సెలైను నిండుకొనగా, వైద్యుడు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదివరకు నున్న మరణములు నాలుగింటికి లోపుగ దిగిపోయెను. ప్రేగులగోడ గ్లూకోజుతో జతగూడిన ఉప్పును లోనికి చేర్చుకొనుననియు, ఆ ఉప్పు వెంట నీరు పోవుననియు తెలియుటయే ఈ విజయమునకు మూలము. వైద్యుడు దేహము చేయు పనిని తాను చేయలేదు. అది చేయుటకు వలసిన సరకును మాత్రము అందించెను.

ఈ చరిత్ర మనకు దూరపు కథ కాదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములలో వడదెబ్బకు 1,500 మందికి పైగా బలియైరి. ఒంట నీరు ఇంకి చెమట ఆగినను, గాలి తేమతో బరువెక్కి చెమట ఆరకున్నను, వేడిమి 40 డిగ్రీలు దాటును, మతి చలించును, అవయవములు ఒక్కటొక్కటిగ చేతులెత్తును. కూలివానికి ఉప్పువేసిన పలుచని చల్ల చేతికిచ్చి, ఎండ తిరుగువరకు చెట్టునీడను కూర్చుండుమని చెప్పిన మన పెద్దలు ఈ శాస్త్రపు పేరు వినకపోయినను దాని సారమెరిగినవారే. రెంటచింతల ఎండలో రాళ్లు మోయువాని దేహము తన త్రాసును తాను నిలుపుకొనుటకు తుదివరకు పెనగులాడును. ఆ పెనుగులాట కొక హద్దున్నదని ఇన్ని మరణములవలన నేర్చినవారము, ఆ మధ్యాహ్నపు గడియలలో వానిచేత పని చేయింపకుండుట మన విధి.