మార్పు చేసిన ద్విచక్ర వాహనానికి అందుబాటు ధరలో బీమా: మెదక్ దివ్యాంగ వాహనదారులకు వివరములు

మెదక్: పాపన్నపేట, కుల్చారం, హవేలీ ఘన్‌పూర్ మండలాల నుండి ఉద్యోగానికో, దుకాణానికో, కలెక్టరు కార్యాలయానికో మెదక్ పట్టణానికి వచ్చిపోయే దివ్యాంగులకు, వెనుక ఇరువైపులా అదనపు చక్రాలు అమర్చిన స్కూటరు కాళ్ళతో సమానం. ఆ వాహనం ప్రమాదంలో దెబ్బతిన్నప్పుడు, చేసిన మార్పు రిజిస్ట్రేషను పత్రంలో లేదన్న కారణంతో పరిహారం నిరాకరింపబడితే, ఆ కుటుంబం రాకపోకలతో పాటు జీవనాధారాన్ని కూడా కోల్పోతుంది. కనుక ప్రీమియం ఎక్కడ తక్కువ అని విచారించుటకు ముందే పత్రాలను సరిచేసుకొనుట అవసరం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నంగా వాహనాన్ని మార్చుట నిషిద్ధం. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులోనూ ఇదే స్పష్టం చేసినది. అయితే దివ్యాంగుల వినియోగానికి అనువుగా వాహనాన్ని మార్చుకొని, రిజిస్ట్రేషను అధికారి ఆమోదం పొందుటకు 2019 సవరణ ద్వారా అదే సెక్షను వీలు కల్పించినది. పాత పత్రాలలో కనిపించే 'ఇన్‌వాలిడ్ క్యారేజి' అన్న మాటను కూడా ఆ సవరణ తొలగించి, 'అడాప్టెడ్ వెహికల్' అన్న పేరు పెట్టినది. ఆ పాత మాట పోవడం మంచిదే.

పక్క చక్రాలు బిగించిన మెకానిక్కు వద్ద బిల్లు తీసుకొనుట చాలామంది పట్టించుకోని విషయం. సదరం ధ్రువపత్రం, ఆ బిల్లు, వాహన పత్రాలతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి, వాహనాన్ని తనిఖీ చేయించి, మార్పును రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించుకోవలెను. డ్రైవింగ్ లైసెన్సు కూడా ఈ తరగతి వాహనానికి చెందినదై ఉండవలెను. మామూలు స్కూటరు లైసెన్సుతో నడిపినచో బీమా ఉండి కూడా చిక్కులు తప్పవు.

ఇక ఖర్చు విషయం. ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని ధరను బీమా సంస్థ నిర్ణయించదు కాబట్టి ఇక్కడ బేరానికి తావు లేదు. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సి.సి. దాటి 150 సి.సి. లోపు వాహనానికి ఏడాదికి 714 రూపాయలు, 150 నుండి 350 సి.సి. వరకు 1,366 రూపాయలు, పన్ను అదనం. సాధారణ స్కూటర్లు మొదటి కోవలోనివే.

తగ్గింపు దొరికేది సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంలో. 2002 నాటి ఆల్ ఇండియా మోటార్ టారిఫ్ ప్రకారం దివ్యాంగుల కొరకు మార్చిన వాహనానికి, ఆ మార్పు రిజిస్ట్రేషను పత్రంలో నమోదై ఉన్నచో, ఈ ప్రీమియంలో 50 శాతం రాయితీ లభించేది. అదే టారిఫ్‌లో హైదరాబాదు 'ఎ' జోనులో ఉండగా, మెదక్ తక్కువ రేటు గల 'బి' జోనులోనిది. అయిదేళ్ళు దాటని, 150 సి.సి. లోపు వాహనానికి రేటు 1.676 శాతం. వాహనం విలువను 50,000 రూపాయలుగా ప్రకటిస్తే ప్రీమియం 838 రూపాయలు, రాయితీ పోగా 419 రూపాయలు. 2007 జనవరి నుండి ఈ భాగానికి సంస్థలే రేట్లు నిర్ణయించుకొంటున్నవి. అయినను ఈ లెక్క కొలబద్దగా ఉపయోగపడుతుంది. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలలోను, ప్రైవేటు సంస్థలలోను 'ఐ.ఎం.టి. 12' రాయితీ ఎంత ఇస్తారని పేరు పెట్టి అడుగవలెను. అడగనిదే అమ్మైనా పెట్టదన్న సామెత ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది.

పక్క చక్రాల విలువ కంపెనీ ధరలో కలిసి ఉండదు. దానిని ప్రతిపాదన పత్రంలో విడిగా చూపనిచో, ప్రమాదంలో అవి విరిగినా పరిహారం అందడం కష్టం. పాలసీ నడుస్తుండగా మార్పు చేసినచో, గడువు వరకు ఆగక బీమా సంస్థకు తెలిపి ఎండార్స్‌మెంటు పొందవలెను. పాలసీ ముగిసిన 90 రోజులలోపు పునరుద్ధరించని వారు నో క్లెయిమ్ బోనస్ కోల్పోతారు. వరుసగా అయిదేళ్ళు క్లెయిము చేయని వారికి ఇది 50 శాతం వరకు ఉంటుంది.

గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, పావు కిలోవాటు లోపు మోటారు గల, నిబంధనల ప్రకారం ధ్రువీకరించిన బ్యాటరీ మూడు చక్రాల బండి చట్టరీత్యా మోటారు వాహనం కాదు. దానికి రిజిస్ట్రేషను గాని, ఈ బీమా గాని అవసరం లేదు.

శబ్దం కొరకు సైలెన్సరు మార్చి, ఇంజను పెంచి తిరిగే యువకుల సంగతి వేరు. అటువంటి మార్పుకు ఆమోదమే లేనందున చౌక బీమా అన్న ప్రశ్న తలెత్తదు. పైగా 182-ఎ సెక్షను ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును.

క్లెయిము అన్యాయంగా నిరాకరించినట్లు భావించిన వారు ముందుగా సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజులలో పరిష్కారం కానిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. ఇందుకు రుసుము గాని, న్యాయవాది గాని అవసరం లేదు. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ టోల్ ఫ్రీ నంబర్లు 155255, 1800 4254 732.