పాలమూరు హైస్కూలు చదువు: బడికి ముందు హాస్టల్

పాలమూరు విద్యాచరిత్రను బడుల లెక్కతో రాయడం మనకు అలవాటైపోయింది. ఏ ఊళ్లో ఏ ఏడాది హైస్కూలు తెరిచారు, ఎన్ని గదులు కట్టారు, పదో తరగతిలో ఎందరు గట్టెక్కారు అన్నవే చూస్తాం. ఆ లెక్కలు అక్కర్లేదని అనను. కానీ పాఠం అయిపోయాక కూడా తోటివాళ్లతో ఆడుతూ, వాదించుకుంటూ, నాటకం వేస్తూ, పోటీలకు తయారవుతూ గడిపే హైస్కూలు విద్యార్థి ఎక్కడ తయారయ్యాడో అవి చెప్పవు. ఈ మెట్ట జిల్లాలో ఆ విద్యార్థిని ప్రధానంగా తయారుచేసింది హాస్టలే. రాత్రి పడకకూ పూట బువ్వకూ ఏర్పాటు జరిగిన చోటే విద్యార్థి జీవితం మొలిచింది. ఆ ఏర్పాటు లేనిచోట బడి ఉన్నా అది హాజరుపట్టీ దాటి ఎదగలేదు.

1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయ్యేనాటికి పై చదువు పట్నవాసుల వ్యవహారం. ఆలంపురం వైపు నుంచో నల్లమల అంచు నుంచో వచ్చే పిల్లవాడికి మొదటి అడ్డంకి దూరం, రెండోది భాష. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలయ్యాక దాని కింది మెట్లయిన ఉన్నత పాఠశాలలూ ఆ దారినే పోయాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుబిడ్డ పరాయి ఊళ్లో, పరాయి భాషలో, బంధువుల అరుగు మీద పడుకుని చదవాలి. ఆ 1918లోనే హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలిసింది. దాని వెనుక నిలబడిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి, నగర కొత్వాలుగా పేరుపడ్డ మనిషి, వనపర్తి సంస్థానంలోని రాయణిపేటవాడు. హాస్టల్ నిర్వహణలో పాలుపంచుకుని, 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం గద్వాల దగ్గరి ఇటిక్యాలపాడు. తమ జిల్లా పిల్లలకు ఏం కొరవడిందో వీళ్లకు బాగా తెలుసు. హాస్టల్లో గ్రంథాలయం ఉంది, తెలుగు పత్రికలు ఉన్నాయి, సాయంత్రాలు సభలు జరిగేవి. తరగతిలో దొరకని తెలుగు వసతిగృహంలో దొరికింది. 1938లో వందేమాతరం పాడకూడదన్నందుకు విద్యార్థులు చేసిన సమ్మె ఉస్మానియాలో రాజుకున్నదీ హాస్టల్ ప్రార్థనా గదుల నుంచే. విద్యార్థులు ఒకేచోట తిని, పడుకుని, పాడుకోకపోతే ఆ సమ్మెకు అంత తొందరగా ఒక గొంతు వచ్చేది కాదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. అవి కులం పేరుతో పుట్టిన హాస్టళ్లు కదా, ఊళ్లోని గోడలనే పట్నానికి మోసుకొచ్చాయి కదా అని. నిజమే. ఇతర కులాల పిల్లల్లో కొందరికి చోటు దొరికినా పేరూ పెత్తనమూ ఎవరివో దాచితే దాగేది కాదు. దళిత విద్యార్థులకు ఆ తలుపులు తెరుచుకున్నాయని చెప్పుకోవడం అబద్ధం అవుతుంది. నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి హరిజన సేవక సంఘం కార్యదర్శిగా వాళ్ల చదువుకోసం విడిగా పనిచేయాల్సి వచ్చిందంటే కారణం అదే. అయితే ఈ ఆక్షేపణ నా వాదనను పడగొట్టదు, ఇంకా గట్టిపరుస్తుంది. పడకా బువ్వా ఎవరికి అందాయో వాళ్లే విద్యార్థులయ్యారు, అందనివాళ్లు ఊళ్లోనే మిగిలారు.

1959 అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్‌లో రాష్ట్ర పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లానే. తర్వాత హైస్కూళ్ల బాధ్యత జిల్లా పరిషత్తులకు చేరింది, మండల కేంద్రాలకూ పెద్ద ఊళ్లకూ బడులు వచ్చాయి. దూరం తగ్గింది. మరి అక్షరాస్యత అంతగా ఎందుకు పెరగలేదు? 2011 జనగణనలో కూడా ఈ జిల్లాది సుమారు 55 శాతమే, ఉమ్మడి రాష్ట్రం 23 జిల్లాల్లో అట్టడుగు. కారణం బడిలో వెతికితే దొరకదు. పంట చేతికి రాని ఏడు తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకుని ఆనకట్టల పనులకో రోడ్ల పనులకో వలసపోతారు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు దేశమంతా తెలిసింది అలాగే. ఇంటికి తాళం పడ్డాక పిల్లవాడికి పక్కవీధిలో హైస్కూలు ఉండి ఏం లాభం? సంక్షేమ హాస్టళ్లు, తర్వాత వలస కూలీల పిల్లల కోసం పెట్టిన కాలానుగుణ వసతిగృహాలు, 2004 తర్వాత వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఈ ప్రశ్నకే జవాబులు.

అన్నిటికంటే స్పష్టమైన జవాబు పక్క జిల్లాలో మొదలైంది. 1971 నవంబరు 23న ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాలను ప్రారంభించారు. కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి, తెలంగాణకు సర్వేల్. ఐదో తరగతిలో ట్రంకుపెట్టెతో దిగిన పల్లెపిల్లవాడు పదో తరగతి దాకా అక్కడే పెరిగేవాడు. ఆ తర్వాత కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో గురుకులం, నాగర్‌కర్నూల్ దగ్గర వట్టెంలో నవోదయ వచ్చాయి. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరు ఏడాదిపాటు హిందీ రాష్ట్రపు విద్యాలయానికి వెళ్తారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. ఊరు దాటని కుటుంబాల పిల్లలకు అదెంత పెద్ద కిటికీయో వేరే చెప్పాలా? సాంఘిక సంక్షేమ గురుకులాల కథ ఇంకా దూరం పోయింది. ఆలంపురానికి చెందిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ ఆ గురుకులాల సంస్థ కార్యదర్శిగా ఉండగా, 2014 మే 25న అక్కడ చదివే నిజామాబాద్ జిల్లా విద్యార్థిని మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. జీతం ఇచ్చి శిక్షకుణ్ని పెట్టుకోగల బడికి కూడా ఇది తేలికగా సాధ్యమయ్యే పని కాదు. పిల్లలు నెలల తరబడి కళ్లముందే ఉండాలి.

ఇలా పాఠాల బయట సాగే విద్యార్థి జీవితం అనగానే అమెరికా హైస్కూళ్ల ప్రామ్ (చదువు ముగింపు నృత్య వేడుక) రాత్రినీ క్విజ్ జట్లనూ చూపిస్తారు. మన దగ్గర ప్రామ్ లేకపోవడానికి సంప్రదాయాన్ని కారణంగా చెప్పేస్తారు. అది సగం నిజం, మిగతా సగం క్యాలెండరు. అక్కడ ఆ వేడుక చదువు ముగిసేవేళ వస్తుంది. ఇక్కడ తొమ్మిదో తరగతివాళ్లు పదో తరగతివాళ్లకు ఇచ్చే వీడ్కోలు సభ పబ్లిక్ పరీక్షల ముంగిట వస్తుంది. పట్టుచీరలు, హెడ్‌మాస్టరు మధ్యలో కూర్చున్న గ్రూప్ ఫోటో, ఆటోగ్రాఫ్ పుస్తకాలు అన్నీ ఉంటాయి, వెనక హాల్‌టికెట్టు భయమూ ఉంటుంది. పంజరంలో పక్షులకు పండగ అంటే ఇంతే. గురుకులంలో మాత్రం ఆ సభ బరువు వేరు, ఎందుకంటే పిల్లలు బడితోపాటు ఇన్నేళ్ల ఇంటినీ వదులుతారు.

గురుకులాలు ప్రవేశపరీక్షతో తెలివైనవాళ్లను ఏరుకుపోతే జిల్లా పరిషత్ బడుల్లో మిగిలేది ఎవరని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. హాస్టళ్ల తిండి మీద ఏటా వచ్చే ఫిర్యాదులనూ తోసిపుచ్చలేం. కానీ దానికి విరుగుడు గురుకులాలను తగ్గించడం కాదనుకుంటాను. జిల్లా పరిషత్ బడిలో కూడా చురుకైన పిల్లలకు కొదవ లేదు, కొరవడింది సాయంకాలం. బడి చివరి గంట కొట్టగానే దూరపు ఊళ్లవాళ్లు ఐదింటి ఆర్టీసీ బస్సు అందుకోవాలి. అది తప్పితే ఇల్లు చేరే మార్గం లేదు. క్విజ్ సాధనో, నాటకం రిహార్సలో, ఖోఖో ఆటో జరిగే గంట సరిగ్గా ఆ బస్సు కదిలే గంటే.