ట్యూబా, ట్యూబ్‌లెస్సా? టైరు వెనక ఉన్న అడవి చరిత్ర



ఈ మధ్య మన కుర్రాళ్లు రాజమండ్రి వెళ్లి బళ్లకి వెడల్పు టైర్లు వేయించుకొస్తున్నారు. లోపల ట్యూబ్ ఉండాలా, అక్కర్లేదా అనే వాదన సంతలోనూ హాస్టల్లోనూ నడుస్తోంది. టైరు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే ఈ వాదన సగం తీరిపోతుంది. పైగా ఆ చరిత్రలో మనలాంటి అడవి జనమే ముందున్నారు. అందుకే ఈ పోస్టు.

రబ్బరు అనగానే పుస్తకాల్లో చార్లెస్ గుడ్‌ఇయర్ పేరు వస్తుంది. 1839లో ఆయన కనుక్కున్నది రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని. అంతకు వేల ఏళ్ల ముందే మధ్య అమెరికా ఆదివాసులు చెట్టు పాలతో బంతులు చేసి ఆడారు. అమెజాన్ ఆదివాసులు ఆ పాలకు పొగ పట్టించి, నీళ్లు చొరబడని చెప్పులు, సంచులు చేసుకున్నారు. మన పెద్దలు తపసి చెట్టుకి గాటు పెట్టి జిగురు తీసినట్టే, వాళ్లూ చెట్టుకి గాటు పెట్టి పాలు తీశారు.

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి టైరు వేశాడు. ఆ తర్వాత సైకిళ్లు, కార్లు పెరిగి రబ్బరుకి గిరాకీ వచ్చింది. ఆ గిరాకీ అడవి జనం మెడకి చుట్టుకుంది. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ పాలనలో, చెప్పినంత రబ్బరు తేలేని ఊళ్లు కాల్చారు, చేతులు నరికారు. అమెజాన్‌లో పుటుమాయో నది దగ్గర ఉయిటోటో, బోరా జనాన్ని కొట్టి చంపి పని చేయించారు. 1910లో రోజర్ కేస్‌మెంట్ అక్కడికి వెళ్లి విచారణ చేశాక గానీ లోకం దాన్ని పట్టించుకోలేదు.

కొన్నేళ్లకే మన కొండల్లోకీ రోడ్డు వచ్చింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లకి సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి నాయకత్వంలో లేచిన పితూరీకి ఆ రోడ్డు కూడా ఒక కారణం. ఆ ఆగస్టులోనే చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అక్కడ రబ్బరు, ఇక్కడ రోడ్డు. చక్రం తిరగడానికి ఒళ్లు విరిచింది మాత్రం అడవి జనమే.

ఇక ట్యూబ్ సంగతి. పాత చక్రాలకి చువ్వలుండేవి. చువ్వ బిగించే ప్రతిచోటా రిమ్ముకి చిల్లు ఉంటుంది, గాలి నిలవదు. కాబట్టి లోపల ట్యూబ్ కావాలి. 1947లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ ట్యూబ్‌లెస్ టైరుని బయటపెట్టింది. 1955 నాటికి అక్కడి కొత్త కార్లకి అవే వచ్చాయి. గాలి బయటికి పోనివ్వని రిమ్ము ఉంటేనే అవి నడుస్తాయి. అక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లకి పెద్ద ఇంజన్లు, వెనక వెడల్పు టైర్లు పెట్టి హాట్ రాడ్లు చేసుకునేవారు. టైరు కొత్తది, రిమ్ము పాతది. మన పిల్లల వాదన అక్కడ ఎప్పుడో మొదలైంది.

కాబట్టి ముందు చూడాల్సింది రిమ్ము. మామూలు చువ్వల చక్రమైతే ట్యూబ్ ఉండాల్సిందే, అదీ ఆ టైరు సైజుదే. చిన్న ట్యూబ్ పెడితే సాగి పల్చబడుతుంది. పెద్దది పెడితే మడతలు పడి, రాసుకుని, వేడెక్కి పగులుతుంది. ట్యూబ్‌లెస్‌కని చేసిన అల్లాయ్ చక్రమైతే ట్యూబ్ అక్కర్లేదు. మేకు దిగినా గాలి సాధారణంగా మెల్లగా పోతుంది, బండి ఆపుకునే టైముంటుంది. ట్యూబ్ అయితే ఒక్కసారిగా దిగిపోవచ్చు. కానీ రాయి తగిలి రిమ్ము వంగితే ట్యూబ్‌లెస్‌లో గాలి ఆగదు, అది కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ప్రమాదం, సన్న రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కించడం. టైరు అంచు సరిగా కూర్చోదు, మారేడుమిల్లి ఘాట్ మలుపుల్లో బండి మాట వినదు.

ఇది సోకు సంగతి మాత్రమే అనుకోకండి. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నాం. రోడ్డెక్కాక బండే దిక్కు. ఆ బండి దారిలో ఆగకూడదు.

మారేడుమిల్లి వైపు ఇప్పుడు రబ్బరు తోటలున్నాయి. ఆసియా తోటల్లో ఉన్న రబ్బరు చెట్లు చాలావరకు 1876లో హెన్రీ విక్‌హామ్ అమెజాన్ నుంచి ఇంగ్లండుకి తీసుకెళ్లిన విత్తనాల సంతతే. అమెజాన్ ఆదివాసుల చెట్టు అలా తిరిగి తిరిగి మన కొండకే వచ్చింది.

మీ ఊళ్లో రోడ్డు పనికి, జిగురు పనికి వెళ్లిన తాతలు, అవ్వలు ఉంటే వాళ్ల మాటలు అడిగి ఇక్కడ రాయండి. మన చరిత్ర మనమే రాసుకోవాలి.

జై ఆదివాసీ.