ఎనుబదియేడు వోట్లు: టెక్సాసు కౌంటీల లెక్క

ఎన్నిక ఫలితములను పత్రికలో చదువువారు సాధారణముగా అడుగున నున్న మొత్తమును మాత్రమే చూచి, ఎవరు గెలిచిరో తెలిసికొని, పత్రికను మడచి పెట్టుదురు. పైనున్న వరుసలను ఒక్కొక్కటిగా చదువువారు అరుదు. నేను నేడు మీకు చెప్పదలచినది ఆ పై వరుసల కథ. మొత్తము చెప్పని సంగతులు కొన్ని వరుసలు చెప్పును.

1948వ సంవత్సరము ఆగష్టు 28వ తేదీ శనివారమునాడు, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాసునందు డెమొక్రాటిక్ పక్షమువారు సెనేటు సభకు తమ అభ్యర్థిని ఎన్నుకొనిరి. తుదకు ప్రకటింపబడిన లెక్క యిది: లిండన్ జాన్సనుకు 4,94,191 వోట్లు, కోక్ స్టీవెన్సనుకు 4,94,104. ఇద్దరికిని కలిపి 9,88,295 వోట్లు. వ్యత్యాసము 87. ఆ 87 వోట్లతో గెలిచిన జాన్సను పదునైదేండ్లకు, 1963లో, అమెరికా అధ్యక్షుడయ్యెను. ఈ కారణముచేతనే ఆ పట్టికను చరిత్రకారులు ఇంకను విడిచిపెట్టలేదు.

ముందు ప్రైమరీ యననేమో చెప్పవలెను. మన దేశమున పక్షముల పెద్దలు అభ్యర్థులను నిర్ణయింతురు; ప్రజలు వారిలో ఒకరిని ఎన్నుకొందురు. అమెరికాలో అభ్యర్థి నిర్ణయముకూడ వోటు మూలముగనే జరుగును. దానికే ప్రైమరీ యని పేరు. టెక్సాసులో 1905 నాటి టెరెల్ శాసనముతో ఈ పద్ధతి కుదురుకొనెను. ఆ రాష్ట్రమున ప్రైమరీకి మఱియొక విశేషము కలదు. అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట వచ్చిన రిపబ్లికన్ గవర్నరు 1874లో దిగిపోగా, ఆ పక్షమువాడు మరల ఆ పీఠము నెక్కుట 1979లో గాని సంభవింపలేదు. నడుమ నూఱేండ్లు ఒక్క పక్షమే. కావున నవంబరులో జరుగు సార్వజనిక ఎన్నిక తంతు మాత్రము. వేసవిలో జరుగు డెమొక్రాటిక్ ప్రైమరీయే అసలు ఎన్నిక.

ఆ అసలు ఎన్నికను నడపునది ప్రభుత్వము కాదు, పక్షము. ఇచ్చటనే చిక్కంతయు నున్నది. పక్షము స్వతంత్రమైన సంఘమనియు, తన సభ్యులెవరో అదియే నిర్ణయించుకొన వచ్చుననియు వాదించి, టెక్సాసు డెమొక్రాటులు నల్లజాతివారిని తమ ప్రైమరీలో వోటు వేయనీయలేదు. 1927లో సుప్రీముకోర్టు దీనిని శాసనరూపమున నుండరాదని కొట్టివేసెను. శాసనము లేకుండ పక్షమే తీర్మానించుకొనిన తప్పులేదని 1935లో అదే కోర్టు చెప్పెను. తుదకు 1944లో, హ్యూస్టను నగరమున దంతవైద్యుడైన లానీ స్మిత్ తెచ్చిన వ్యాజ్యమున, తెల్లవారి ప్రైమరీ చెల్లదని తీర్పయ్యెను. అయినను వోటు వేయగోరువాడు ఏటేట తలకు ఒకటిన్నర డాలరు పన్ను కట్టి రసీదు చూపవలసియే యుండెను. పేదవానికి అది చిన్న మొత్తము కాదు. ఈ రసీదు సంగతి జ్ఞాపకముంచుకొనుడు; ముందు దీనితో పని యున్నది.

టెక్సాసున కౌంటీలు 254. కౌంటీ యననది మన తాలూకావంటి దనుకొనవచ్చును గాని, దాని అధికారములు మన తాలూకాకు లేవు. షరీఫు, గుమాస్తా, న్యాయాధికారి యందరును అచ్చటనే ఎన్నుకొనబడుదురు. జనసంఖ్యలో మాత్రము వానికి పొంతన లేదు. హ్యూస్టను నగరమున్న హారిస్ కౌంటీలో లక్షలకొలది జనము. పడమటనున్న లవింగ్ కౌంటీలో 2020 నాటి లెక్క ప్రకారము 64 మంది. వోట్లు మొదట పోలింగు పెట్టెల చెంత లెక్కింపబడి, పిదప కౌంటీ పక్షసంఘమువారిచే ధ్రువీకరింపబడి, ఆ పైన రాష్ట్ర పక్షసంఘమునకు చేరును. పోటీచేయు పక్షమే లెక్కించును, పోటీచేయు పక్షమే తీర్పు చెప్పును. మన దేశమున 1950 జనవరి 25న ఏర్పడిన ఎన్నికల సంఘమువంటి తటస్థసంస్థ యేదియు ఆ లెక్కకు పైన లేదు.

ఇక అభ్యర్థుల మాట. స్టీవెన్సను 1941 మొదలు 1947 వఱకు గవర్నరుగా నుండెను. పశువుల మందలు గలవాడు, మితభాషి, పల్లెలయందు మిక్కిలి గౌరవము గలవాడు. జాన్సను 1937 నుండి ప్రతినిధిసభ సభ్యుడు, రూజ్వెల్టు అనుయాయి, క్షణము కాలు నిలువనివాడు. ఆ యేడు హెలికాప్టరులో ఊరూర దిగి ప్రచారము చేసెను. ఆ వింత యంత్రమును చూడవచ్చిన జనమే సభ యయ్యెడిది. జులై 24న జరిగిన మొదటి విడతలో స్టీవెన్సనుకు 4,77,077, జాన్సనుకు 4,05,617, జార్జి పెడీ యను మూడవ యభ్యర్థికి 2,37,195 వోట్లు వచ్చెను. సగమునకు మించి యెవ్వరికిని రానందున మొదటి యిద్దరకు రెండవ విడత తప్పలేదు. డెబ్బదివేలకు పైగా వెనుకబడిన జాన్సను అయిదు వారములలో ఆ దూరమును పూడ్చుకొనవలసివచ్చెను. చాలవఱకు న్యాయముగనే పూడ్చుకొనెననుటలో సందేహము లేదు. సాన్ ఆంటోనియో నగరమున్న బెహార్ కౌంటీ వరుసను చూచినచో, మొదటి విడతలో స్టీవెన్సనుకు దాదాపు రెండింతలుగానున్న వోట్లు రెండవ విడతలో ఇంచుమించు సరిసమానమయ్యెను. అచ్చటకూడ డబ్బు పాఱినదని చెప్పువారు కలరు.

జాన్సనుకు ఒక పాత గాయమున్నది. 1941లో సెనేటుకు పోటీచేసి, మొదట ముందంజలో నుండియు, తుదకు ఓడేనియల్ చేతిలో 1,311 వోట్లతో ఓడెను. తన కౌంటీల లెక్కలను తొందరపడి ముందుగా ప్రకటించుటచే, ఎన్ని వోట్లు కావలెనో ఎదిరిపక్షమునకు తెలిసిపోయెనని ఆయన అనుయాయులు భావించిరి. ఆలస్యముగా వచ్చు లెక్కకు బలమెక్కువ యను పాఠమును 1948 నాటికి వారందరును కంఠస్థము చేసియుండిరి.

పోలింగు రాత్రి డల్లసు నగరమున పత్రికలవారు నడపు ఎన్నికల కార్యాలయమునకు కౌంటీల నుండి టెలిఫోనుల మీద అంకెలు వచ్చుచుండెను. ఆదివారము, సోమవారము, మంగళవారము గడచినను లెక్క తేలలేదు. ఒకప్పుడు ఇతడు ముందు, ఒకప్పుడు అతడు ముందు. ఏదో మాఱుమూల కౌంటీలో కూడికలో తప్పు పడెనని ఒక సవరణ వచ్చును; వేఱొకచోట అంకె తప్పుగా వినబడెనని మఱియొకటి వచ్చును. ఇట్టి సవరణలన్నియు మోసములు కావు. పదిలక్షల కాగితములను చేతితో లెక్కించి ఫోనులో చెప్పుకొనునప్పుడు తప్పులు పడుట సహజమే. సవరణలకు తావున్నచోట మోసమునకును తావున్నది. రెండును ఒకే ద్వారమున వచ్చును.

ఇప్పుడు దక్షిణమునకు, మెక్సికో సరిహద్దు వైపునకు రండు. అచ్చట డ్యూవాల్ కౌంటీ యున్నది. దానికి జార్జి పారు అనునతడు మకుటములేని రాజు. జనులు అతనిని డ్యూవాల్ డ్యూకు అని పిలిచెడివారు. ఆయన తండ్రియగు ఆర్చీ పారునుండి ఆ యధికారము వంశపారంపర్యముగా సంక్రమించినది. డ్యూవాల్ వరుసను చదువుడు: జాన్సనుకు 4,622, స్టీవెన్సనుకు 40. ఆ కౌంటీలో ఆ యేడు వోటు పన్ను కట్టినవారు 4,679 మంది. అనగా నూటికి తొంబదితొమ్మిదిమందికి పైగా ఆ యెండలో వచ్చి వోటు వేసిరి! జబ్బుపడినవాడు, ఊరువిడిచినవాడు, విసుగుపుట్టి యింట కూర్చున్నవాడు, అందఱును కలిసి పదునేడుగురు.

ఈ వరుసను చూచి అచ్చటి మెక్సికను జాతి పేదలను పరిహసించువారున్నారు. నేనందుకు ఒప్పుకొనను. వారికి పని యిచ్చువాడు పారు. పిల్లకు జబ్బుచేసిన మందులకు, ఇంట చావు జరిగిన ఖననమునకు డబ్బిచ్చువాడును అతడే. వోటు పన్ను రసీదులను అతని మనుషులే మొత్తముగా కొని తమ సొరుగులలో నుంచుకొనెడివారు. రసీదు ఎవని సొరుగులో నుండునో వోటు వానిదే యగును. రాష్ట్ర ప్రభుత్వము వారి గడపకు ఏనాడును రాలేదు. వచ్చినవాడు పారు ఒక్కడే. మఱియొక సంగతికూడ చెప్పక తప్పదు. అంతకుముందు స్టీవెన్సను గవర్నరు పదవికి నిలిచినప్పుడు ఇదే డ్యూవాల్ ఇట్లే యేకపక్షముగా ఆయనకు వోట్లు కుప్పబోసినది. అప్పుడు ఆయన ఆ వరుసను ప్రశ్నింపలేదు. లారెడో పట్టణమున జిల్లా అటార్నీ పదవికి పారు కోరిన మనుష్యుని నియమింపనందున వారికి చెడినదని చెప్పుదురు.

డ్యూవాల్ పొరుగున జిమ్ వెల్స్ కౌంటీ. దాని ముఖ్యపట్టణము ఆలిస్. పోలింగైన ఆఱవనాడు, సెప్టెంబరు 3న, స్టీవెన్సను కొన్ని వందల వోట్లతో ముందున్నాడని జనులు నమ్మియుండగా, ఆలిస్ పట్టణపు 13వ నంబరు పెట్టెకు సవరణ వచ్చెను. మొదట జాన్సనుకు 765 అని తెలిపిన అంకె 965 అయ్యెను. స్టీవెన్సనుకు 60 ఉన్నది 62 అయ్యెను. ఏడును తొమ్మిది చేయుటకు కలము నెంత కదపవలెనో మీరే వ్రాసి చూచుకొనవచ్చును.

స్టీవెన్సను స్వయముగా ఆలిస్ వెళ్లెను. వెంట ఫ్రాంక్ హేమర్ వచ్చెను; 1934లో బానీ, క్లైడ్ అను బందిపోటు జంటను పట్టి కాల్చినవారికి నాయకుడైన పాత రేంజరు ఆయనయే. వోటర్ల జాబితా ఒక బ్యాంకు ఖజానాలో భద్రము చేయబడియున్నది. స్టీవెన్సను పక్షమువారికి దానిని కొలదిసేపు మాత్రము చూడనిచ్చిరి. చివరనున్న 202 పేర్లు అక్షరక్రమమున, ఒకే దస్తూరిలో, తక్కిన పేర్లకు భిన్నమైన సిరాతో వ్రాయబడియుండెనని వారు ప్రమాణపూర్వకముగా చెప్పిరి. సిరా మాఱుటకు ముందు చివరి పేరుగలవానిని వారు వెదకి యడుగగా, తాను పోలింగు ముగియువేళకు వచ్చితిననియు, తన వెనుక ఎవ్వరును నిలిచియుండలేదనియు అతడు చెప్పెను.

చచ్చినవారు వోటు వేసిరని ఈ కథను చెప్పి నవ్వుకొనుట అమెరికాలో పరిపాటి. ఆ 202 మందిలో చనిపోయినవారి పేర్లుండుట నిజమే. నన్ను కలతపెట్టునది బ్రదికియున్నవారి సంగతి. మేమా దినమున పోలింగుకే పోలేదని కొందఱు సాక్ష్యమిచ్చిరి. వారిని పిలిచి, మీ వోటు ఎవరికని అడిగినవాడొక్కడును లేడు. వారి పేరును మాత్రము ఎరువు తీసికొనిరి.

సెప్టెంబరు 13న రాష్ట్ర పక్షసంఘము ఫోర్టువర్తు నగరమున సమావేశమయ్యెను. పట్టికను ధ్రువీకరింపవలెనా, 13వ పెట్టెను విడిచి లెక్కింపవలెనా? ఇరుపక్షముల బలము తూగుటచే, అమరిల్లోవాసి యైన ఒక సభ్యుని తుదిక్షణమున వెదకి తెచ్చి వోటు వేయించిరి. 29 మంది జాన్సను వైపు, 28 మంది స్టీవెన్సను వైపు. పదిలక్షలమంది పాల్గొనిన ఎన్నిక ఈ విధముగా ఒక్క వోటుతో తేలెను. ఆ సభ్యులు 13వ పెట్టెను గూర్చియే ఆలోచించిరని నేననుకొనను. మరునాటి మహాసభలో ట్రూమను అధ్యక్షునికి అనుకూలురు, ప్రతికూలురు అను కలహముండెను. జాన్సను ఎవరి వాడో, స్టీవెన్సను ఎవరి వాడో చూచుకొని వోటు వేసినవారే యెక్కువ.

స్టీవెన్సను ఫెడరల్ న్యాయస్థానమునకు వెళ్లెను. న్యాయమూర్తి డేవిడ్సన్ జాన్సను పేరును పత్రముపై ముద్రింపరాదని తాత్కాలికముగా నిలుపుదల చేసి, ఆలిసునకు విచారణాధికారిని పంపెను. పెట్టెలు తెచ్చిరి, ఆ జాబితా మాత్రము కానరాలేదు. విచారణ సాగుచుండగనే, సుప్రీముకోర్టు న్యాయమూర్తి హ్యూగో బ్లాక్, రాష్ట్రపు ఎన్నికలో ఫెడరల్ కోర్టు జోక్యము చేసికొనరాదని, జాన్సను న్యాయవాది ఏబ్ ఫోర్టాస్ కోరినట్లు ఆ యాజ్ఞను నిలిపివేసెను. నవంబరులో జాన్సను రిపబ్లికన్ అభ్యర్థిని సునాయాసముగా ఓడించెను.

జాన్సను పక్షమువారి వాదము మొన్న మొన్నటి వఱకు ఒకటే: స్టీవెన్సనుకు బలమున్న తూర్పు కౌంటీలలోను ఇట్టి పనులే జరిగెను, తుదకు రెండును చెల్లుకు చెల్లు. రాబర్ట్ కారో 1990లో ప్రకటించిన గ్రంథమున దీనిని త్రోసిపుచ్చి, జాన్సను ఆ పీఠమును దొంగిలించెననియే నిర్ధారించెను. ఇతరులు అంత గట్టిగా చెప్పరు. నా మట్టుకు, దొంగతనము జరిగినదనుటకు 13వ పెట్టె చాలును. అయినను ఆ పెట్టెను తీసివేసినంతమాత్రమున తక్కిన 253 కౌంటీల లెక్క శుద్ధమగునని నమ్మలేను. రసీదులు సొరుగులో నున్నంతకాలము డ్యూవాల్ 4,622 వోట్లకు సిరా మార్చవలసిన పని యేమున్నది?

ఇట్లు సెనేటుకు వెళ్లిన మనుష్యుడే 1965 ఆగష్టు 6న, అధ్యక్షుడుగా, నల్లజాతివారి వోటుహక్కును కాపాడు శాసనముపై సంతకము చేసెను. సరిగా పదేండ్లకు, 1975 ఆగష్టు 6న, ఆ శాసనపు రక్షణను టెక్సాసుకును, స్పానిషు మాటాడువారికిని విస్తరించిరి. వోటు పన్ను అంతకుముందే, ఫెడరల్ ఎన్నికలకు 1964లోను, రాష్ట్రపు ఎన్నికలకు 1966లోను, తొలగిపోయెను. జార్జి పారు 1975 ఏప్రిలులో ఆత్మహత్య చేసికొనెను.

1967లో అధ్యక్షభవనమున జాన్సను ఒక పత్రికారచయితకు ఒక ఛాయాచిత్రమును చూపెను. కారు ముందుభాగముపై 13వ నంబరు పెట్టె, చుట్టును అయిదుగురు మనుష్యులు. వీరెవ్వరు, ఎచ్చట తీసినది యని రచయిత యడుగగా జాన్సను నవ్వెనే గాని బదులీయలేదు. 1977లో, ఆ పెట్టెకు ఎన్నికల యధికారిగా నుండిన లూయిస్ సలాస్, పడని వోట్లను పడినవిగా పారు ఆజ్ఞపై ధ్రువీకరించితినని ఒక వార్తాసంస్థకు చెప్పెను. అప్పటికి జాన్సను మరణించి నాలుగేండ్లు, పారును స్టీవెన్సనును మరణించి రెండేండ్లు.