కోటిపల్లి నుంచి నర్సాపురానికి: పట్టాలు లేని దారి

రైల్వేలో ఇన్నేండ్లు పనిచేసి, రైలు లేని దారిలో ఎందుకు పోయినారని మనవాళ్ళు కొందరు అడిగారు. చెబుతాం.

కోటిపల్లిలో ఒక లైను ముగుస్తుంది. నర్సాపురంలో ఇంకొకటి ముగుస్తుంది. నడుమ కోనసీమ. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి ఈ నేలను చుట్టుకొని సముద్రానికి పోతుంది. ఆ రెండు చివరల నడుమ ఒక పగలంతా తిరిగి చూడాలని మాకు చాలాకాలపు కోరిక. ఒక్కరమే బయలుదేరాం.

కాకినాడలో పొద్దున్నే బస్సెక్కి యానాంలో దిగి కాఫీ తాగాం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు. ఇప్పటికీ ప్రభుత్వం పుదుచ్చేరిలో, ఇంట్లో మాట తెలుగు. తమిళనాట పుట్టిన మనకు ఇది వింతగా తోచదు. ఎదుర్లంకకు 2002లో వంతెన వచ్చింది, అక్కడ రేవు పని తీరిపోయింది. మేము ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి పోయాం.

కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు, సుమారు 45 కిలోమీటర్లు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని ఆ పట్టాలు పీకేశారు. మళ్ళీ రైలు నడిచింది 2004లో! అరవై నాలుగేండ్లు. యుద్ధం ఆరేండ్లలో ముగిసింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. పీకడానికి ఒక ఉత్తరువు చాలు, తిరిగి వేయడానికి ఎన్ని ఫైళ్ళు కదలాలో గుమాస్తాగా బతికిన మాకు తెలుసు. అన్నాళ్ళూ కోనసీమ మనుషులను, కొబ్బరికాయలను, పెళ్ళివారిని గౌతమి దాటించినది పడవవాళ్ళే.

పంటు అంటే రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరిచినది. మోటారు సైకిళ్ళు, కార్లు కూడా ఎక్కుతాయి. తమిళంలో చదువుకున్న మేము రేవులో బోర్డు కూడబలుక్కుంటూ ఉంటే, టిక్కెట్టు ఇచ్చే అబ్బాయి "ఏ ఊరండీ మీది, మాట తేడాగా ఉందండీ?" అన్నాడు. చెప్పాం. "అయితే మనోళ్ళేనండీ" అని ముందుకు పోయాడు. మా అవ్వ రేవు అనే అనేది. మేమే తురై అనడానికి అలవాటు పడ్డాం. నది నడుమ కొత్త రైలు వంతెన స్తంభాలు కనిపించాయి. నర్సాపురం దాకా లైను మంజూరై ఇరవై ఏండ్లు దాటింది.

ముక్తేశ్వరంలో దిగి అమలాపురం, అక్కడినుంచి రాజోలు వైపు బస్సు. కాలువ, వరి, కొబ్బరి, మళ్ళీ కాలువ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక వచ్చిన పచ్చదనం ఇది. వైనతేయ పాయ మాత్రం వంతెన మీద దాటాం, కునుకు పట్టి సరిగా చూడలేదు.

సాయంత్రం సఖినేటిపల్లిలో రెండో పంటు. వసిష్ఠకు అవతల మాధవాయిపాలెం. ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ గిడ్డంగి పెట్టి నేతబట్ట కొని ఓడల్లో పంపేది. ఈ ఊరి పేరే నోరు తిరగక మాదపొల్లం అయి, ఒక రకం నూలుబట్టకు ప్రపంచమంతా అదే పేరయింది. ఇప్పుడు ఆ గట్టున టీకొట్టు ఉంది, రేవు ఉంది.

చీకటిపడే వేళకు నర్సాపురం స్టేషను చేరాం. పోదలచిన సభ్యులు వరదల నెలల్లో వద్దు, నీరు పెరిగితే పంటు ఆపేస్తారు. చిల్లర దగ్గర ఉంచుకోండి.