ఒలింపిక్స్‌లో దేశం జెండా పట్టిన నాగా డాక్టర్: తాలిమెరెన్ ఆవో



జైపాల్ సింగ్ ముండా పేరు మనకు కొత్త కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్, ఆ తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు. మరి స్వతంత్ర భారతదేశం తరఫున ఒలింపిక్స్ ఆడిన తొలి ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ కూడా గిరిజనుడే అని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే డాక్టర్ తాలిమెరెన్ ఆవో. అందరూ టి. ఆవో అంటారు.

1918 జనవరి 28న నాగా కొండల్లోని చాంగ్కి అనే ఊళ్లో, ఆవో నాగా తెగలో పుట్టారు. తండ్రి పాస్టరు. 1935లో టైఫాయిడ్‌తో చనిపోయారు. కొడుకు డాక్టరై తన జనానికి వైద్యం చెయ్యాలన్నది ఆయన కోరిక. ఆ మాట ఆవో గారు జీవితాంతం మర్చిపోలేదు.

చదువు కోసం జోర్హాట్, అక్కడి నుంచి గౌహతి కాటన్ కాలేజీ. గౌహతిలో మహారాణా క్లబ్‌కి ఆడారు. 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో (ఇప్పటి ఆర్.జి. కర్) సీటొచ్చింది. మరుసటి ఏడాదే మోహన్ బగాన్ పిలిచింది. 1911లో ఒట్టికాళ్లతో ఆడి ఇంగ్లీషు సైనికుల జట్టును ఓడించిన క్లబ్బు అది. అక్కడ ఆయన పని డిఫెన్స్. ఎదుటివాళ్ల దాడిని ఆపి, బంతిని ముందుకు అందించడం. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, గోల్ పడకుండా ఆపినవాడి పేరు రాదు. అయినా కొద్ది కాలంలోనే ఆ క్లబ్బుకి కెప్టెన్ అయ్యారు.

1948 లండన్ ఒలింపిక్స్. స్వతంత్రం వచ్చి ఏడాది కూడా నిండలేదు. ప్రారంభ వేడుకలో జెండా పట్టుకుని భారత బృందం ముందు నడిచింది ఆవో గారే. జూలై 31న ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్లలో ఎక్కువమంది కాళ్లకి బూట్లు లేవు. ఫ్రాన్స్ ముందు గోల్ కొట్టింది. రెండో సగంలో రామన్ గోల్‌తో స్కోరు సమం చేశాం. రెండు పెనాల్టీలు వచ్చాయి, రెండూ పోయాయి. ఆట ఇక అయిపోతుందనగా ఫ్రాన్స్ ఇంకోటి కొట్టింది. 2-1తో ఓడిపోయాం. బూట్లు ఎందుకు లేవని అక్కడివాళ్లు అడిగితే, మేం ఆడేది ఫుట్‌బాల్, మీరాడేది బూట్‌బాల్ అన్నట్టు జవాబిచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆర్సెనల్ క్లబ్ రమ్మని అడిగినా వెళ్లలేదని కూడా అంటారు.

ఈ రోజుల్లో ఆట మానేసిన డిఫెండర్లు కోచ్‌లవుతున్నారు, టీవీలో కామెంటరీ చెబుతున్నారు. మంచిదే, తప్పేం లేదు. ఆవో గారు మాత్రం వేరే దారి పట్టారు. 1950లో ఎం.బి.బి.ఎస్. పూర్తయింది. కలకత్తాలో ఉండిపోతే పేరు, డబ్బు రెండూ ఉండేవి. కానీ ఆయన నాగా కొండలకే తిరిగొచ్చి కోహిమాలో ప్రభుత్వ డాక్టరుగా చేరారు. 1950ల్లో ఆ కొండలు కాల్పులతో, సైనిక చర్యలతో అల్లాడాయి. అలాంటి చోట డాక్టరంటే ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. 1963లో నాగాలాండ్ రాష్ట్రమైంది. ఆవో గారు ఆ రాష్ట్ర వైద్యారోగ్య శాఖ డైరెక్టర్ స్థాయికి ఎదిగి 1978లో రిటైరయ్యారు. 1998 సెప్టెంబర్ 13న కన్నుమూశారు. శత జయంతి ఏడాది 2018లో ఆయన పేరిట తపాలా బిళ్ల వచ్చింది.

హాస్టళ్లలో మన పిల్లలు తరచూ వినే మాట ఒకటుంది: ఆటలాడితే చదువు పోతుంది. ఆవో గారి చరిత్ర ఆ మాటకి సమాధానం. పొద్దున అనాటమీ పుస్తకం, సాయంత్రం మైదానం, రెండూ ఆయనవే. ఆటతో దేశమంతా పేరొచ్చింది, చదువుతో సొంత జనం దగ్గరికి దారి దొరికింది. ఆ రెండింట్లో ఏది వదిలినా ఈ కథ ఉండేది కాదు.

మన దగ్గరా పేర్లు లేకపోలేదు. నిజామాబాద్ నుంచి గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడుతోంది. ఆమెకి ముందు మన గూడేల్లో, తండాల్లో ఒట్టికాళ్లతో ఆడి, ఎవరికీ తెలియకుండా పోయినవాళ్లు ఎంతమందో! మీ ఊరి పెద్దల్ని అడగండి. వాళ్ల పేర్లు, ఆడిన ఏళ్లు రాసి దాచండి. మన చరిత్ర మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు?

జోహార్ డాక్టర్ టి. ఆవో!